పికప్ మైలేజ్ ఎక్కడ పోతోంది? డ్రైవింగ్ అలవాట్లు, గాలి నిరోధం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక సామాను తొట్టి ఉండే పికప్ బండి తోలేవాళ్లు మైలేజ్ గురించి అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాం. లెక్కలు చూపించాల్సిన చోట ఒక మధ్యరకం పెట్రోల్ పికప్‌ని ఉదాహరణగా తీసుకున్నాం: బరువు 2,200 కిలోలు, ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే ముందుభాగం వైశాల్యం 3.3 చదరపు మీటర్లు, గాలిని చీల్చుకుపోయే గుణాన్ని చెప్పే డ్రాగ్ కోఎఫిషియంట్ 0.40. ఈ చివరిదాన్ని వాడుకలో సీడీ అంటారు. అది ఎంత తక్కువైతే బండి గాలిలో అంత తేలిగ్గా పోతుంది. మీ బండి అంకెలు కొంచెం అటూ ఇటూ ఉన్నా ఇక్కడ చెప్పిన ధోరణి మారదు.

అదే ఇంజిన్ ఉన్న కారు కంటే పికప్ ఎందుకు ఎక్కువ తాగుతుంది?

ట్యాంకులో పోసిన ఇంధనంలోని శక్తిలో చక్రాల దాకా వచ్చేది సుమారు పావు వంతు. మిగతాది ఇంజిన్ వేడిగా, పొగగా, లోపలి రాపిడిగా పోతుంది. ఆ వచ్చిన పావు వంతు మూడు చోట్ల ఖర్చవుతుంది: ఎదురుగాలిని తోసుకుపోవడానికి, టైర్లు నలుగుతూ దొర్లడానికి, చివరగా బ్రేకుల్లో వేడిగా మారడానికి. పికప్ ఈ మూడింటిలోనూ కారు కంటే ఎక్కువే ఖర్చు పెడుతుంది.

అసలు తేడా గాలి దగ్గర వస్తుంది. ఇప్పటి సెడాన్‌లకు సీడీ 0.25 నుంచి 0.30 మధ్య, ముందుభాగం 2.2 చదరపు మీటర్ల దగ్గర ఉంటాయి. గాలి ఆపే బలం ఈ రెండింటి గుణకారాన్ని బట్టి ఉంటుంది. సెడాన్‌కు అది 0.6 దగ్గర వస్తే మన ఉదాహరణ పికప్‌కు 1.3 వస్తుంది. అంటే అదే స్పీడులో గాలి రెండింతల బలంతో ఆపుతోందన్నమాట. ఎంత మంచి ఇంజిన్ పెట్టినా ఈ రెండింతల్ని దాచలేం.

స్పీడు పెంచితే మైలేజ్ నిజంగా అంత పడిపోతుందా?

పడిపోతుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

గాలి నిరోధం స్పీడుతో సమంగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. మన పికప్ గంటకు 60 కి.మీ. మీద పోతుంటే గాలి సుమారు 22 కిలోల బరువుకు సమానమైన బలంతో వెనక్కి తోస్తుంది. 80 దగ్గర అది 40 కిలోలు, 100 దగ్గర 62, 120 దగ్గర 90. టైర్ల నిరోధం మాత్రం ఏ స్పీడులోనైనా దాదాపు 22 కిలోల దగ్గరే ఉంటుంది. కాబట్టి 60 దగ్గర గాలి, టైర్లు సరిసమానం. ఆపైన గాలిదే పెత్తనం. 120 దగ్గర గాలి వాటా టైర్ల వాటాకు నాలుగింతలు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. 110 మీద తోలే మనిషి 95కి దిగితే మొత్తం నిరోధం 97 కిలోల నుంచి 78 కిలోలకు పడుతుంది, అంటే దాదాపు 20 శాతం తగ్గుతుంది. తక్కువ భారం మీద ఇంజిన్ సామర్థ్యం కాస్త తగ్గుతుంది కనుక ఇంధనం అంతకంటే కొంచెం తక్కువ ఆదా అవుతుంది. అయినా అది చిన్న ఆదా కాదు. 100 కి.మీ. ప్రయాణంలో ఇందుకు అదనంగా పట్టే సమయం తొమ్మిది నిమిషాల లోపే.

ఒక చిన్న వివరణ. గాలి వల్ల అయ్యే ఖర్చు స్పీడు ఘనంతో పెరుగుతుందని కొందరు చెబుతారు. అది గాలిని తోయడానికి కావలసిన హార్స్‌పవర్ లెక్క, గంటకు అయ్యే ఖర్చు. కిలోమీటరుకు అయ్యే ఖర్చు వర్గం లెక్కే. మనకు కావలసింది కిలోమీటరు లెక్క.

తొట్టి వెనక డోర్ దించి తోలితే మైలేజ్ పెరుగుతుందా?

పెరగదు. చాలా పికప్‌ల మీద కొంచెం తగ్గుతుంది.

చూడగానే నిజమనిపించే నమ్మకం ఇది. గాలి క్యాబిన్ మీదుగా వచ్చి వెనక డోర్‌ను కొడుతోంది, ఆ డోర్ తీసేస్తే గాలికి దారి దొరుకుతుంది అని అనుకుంటాం. గాలి అలా ప్రవహించదు. క్యాబిన్ పైకప్పు వెనక అంచు దాటగానే గాలి బండి నుంచి విడిపోతుంది. డోర్ వేసి ఉంటే తొట్టిలో గాలి ఒక పెద్ద సుడిలా తిరుగుతూ అక్కడే ఉండిపోతుంది. పైన వేగంగా వచ్చే గాలి ఆ సుడి మీదుగా జారి, వెనక డోర్ పైఅంచును తాకుతూ దాటిపోతుంది. తొట్టి మీద కనిపించని మూత ఉన్నట్టే. డోర్ దించితే ఆ సుడి నిలవదు. పైన పోయే గాలి తొట్టిలోకి దిగి, బండి వెనక గాలి చెల్లాచెదురై బండిని వెనక్కి లాగే ప్రాంతాన్ని పెద్దది చేస్తుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. తొట్టిలో నాలుగు ఎండుటాకులు పడి ఉన్నప్పుడు వెనక అద్దంలోంచి గమనించండి. హైవే స్పీడులో అవి వెనక్కి ఎగిరిపోతాయని అనుకుంటాం కానీ తరచుగా క్యాబిన్ వైపే వచ్చి, గోడ దగ్గర గుండ్రంగా తిరుగుతుంటాయి. తొట్టి అడుగున గాలి ముందుకు వస్తోందనడానికి అదే సాక్ష్యం.

మైలేజ్ సంగతి పక్కన పెట్టినా డోర్ దించి తోలకపోవడానికి ఇంకో కారణం ఉంది. సామాను జారి వెనక వచ్చే బండి ముందు పడుతుంది. కొన్ని బండ్లలో డోర్ దించితే నంబర్ ప్లేటు కూడా కనిపించదు.

మరి తొట్టి మీద కవర్ వేయిస్తే?

కొంత లాభం ఉంటుంది, పెద్దగా ఆశ పెట్టుకోకండి. చదునైన కవర్ ఆ సుడి చేసే పనినే ఇంకాస్త శుభ్రంగా చేస్తుంది. గాలి నిరోధం కొద్ది శాతం తగ్గుతుంది. హైవే మీద గాలి నిరోధం పది శాతం తగ్గితే ఇంధనం ఐదారు శాతం తగ్గుతుందని గుర్తుంచుకుంటే, కవర్ వల్ల వచ్చేది ఒకటి రెండు శాతం అని అర్థమవుతుంది. ఊళ్లో తిరుగుడుకైతే ఆ కాస్తా ఉండదు.

సామాను తడవకుండా, దొంగల కంట పడకుండా ఉండటానికి కవర్ వేయించుకోండి. మైలేజ్‌ని దానితో వచ్చే చిన్న బోనస్ అనుకోండి. కవర్ ఖర్చు ఇంధనంలో తిరిగి వస్తుందని ఎవరైనా అమ్మజూపితే, ముందు మీ ఏడాది హైవే కిలోమీటర్లు లెక్క వేసుకోండి.

క్యాబిన్ ఎత్తు ఉండే గట్టి టాపు పెట్టించుకుంటే ఇంకా మంచిదా?

దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. వెనక్కి మెల్లగా వాలే టాపు గాలిని నెమ్మదిగా కిందికి దింపుతుంది, అది మంచిదే. వెనకవైపు పెట్టెలా నిలువుగా తెగిపోయే టాపు లాభనష్టాలు లేకుండా ఉంటుంది, ఒక్కోసారి నష్టమే. క్యాబిన్ కంటే ఎత్తుగా లేస్తే మాత్రం నష్టం ఖాయం. టాపు బరువు మీద కూడా ఓ కన్నేయండి, అది ఖాళీ ప్రయాణాల్లోనూ మీ వెంటే ఉంటుంది.

పైన క్యారియర్, నిచ్చెన స్టాండు, లైట్ల పట్టీ ఉంటే ఎంత తేడా?

జనం తక్కువగా అంచనా వేసేది వీటినే. టాప్ మీద పెట్టే సామాను పెట్టె వల్ల మైలేజ్ ఊళ్లో 2 నుంచి 8 శాతం, 105–120 కి.మీ. స్పీడులో 10 నుంచి 25 శాతం తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఆ అంకెలు ప్రధానంగా కార్లకు సంబంధించినవి. పికప్ అసలే ఎక్కువ నిరోధం ఉన్న బండి కాబట్టి శాతం లెక్కలో తక్కువగా కనిపించవచ్చు, పోయే లీటర్లు మాత్రం పోతాయి.

పికప్ యజమానికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది: వెనక అంత పెద్ద తొట్టి ఉంది. క్యాబిన్ చాటున, తొట్టి అంచు కంటే కిందుగా పెట్టిన సామాను గాలికి దాదాపు తగలదు. అదే సామాను క్యాబిన్ పైకి ఎక్కిస్తే ప్రతి కిలోమీటరుకూ ఖర్చు పెట్టిస్తుంది. వాడని రోజుల్లో క్యారియర్ విప్పి లోపల పెట్టుకోవడం పైసా ఖర్చు లేని పని. సన్నని గుండ్రటి కమ్మీ కూడా దాని సైజుకు మించి గాలిని చెదరగొడుతుంది, ఖాళీ క్యారియరే కదా అని వదిలేయకండి.

ముందు బంపర్ కింద వేలాడే ప్లాస్టిక్ పట్టీ దేనికి? రాళ్లకు తగులుతోందని తీసేయవచ్చా?

తీసేయకండి. పికప్ అడుగుభాగం చదునుగా ఉండదు. యాక్సిల్, షాఫ్టులు, సైలెన్సర్, ఫ్రేమ్ అన్నీ బయటికే ఉంటాయి. వాటి మధ్యకు గాలి దూరితే అది ప్రతిదానికీ కొట్టుకుంటూ బండిని లాగుతుంది. ఆ పట్టీ గాలిని బండి పక్కలకు మళ్లించి అడుగుకు చేరకుండా చూస్తుంది. తయారీదారులు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారంటే, 2019 మోడల్ రామ్ 1500 అనే పెద్ద పికప్‌లో గంటకు 56 కి.మీ. దాటగానే ఆ పట్టీ తనంతట తానే సుమారు 6 సెంటీమీటర్లు కిందికి దిగే ఏర్పాటు పెట్టారు. ఆ బండి సీడీ 0.357 అని కంపెనీ ప్రకటించింది, పెద్ద పికప్‌కు అది మంచి అంకె. ఎలక్ట్రిక్ పికప్ రివియన్ ఆర్‌1టీకి 0.30 అని ఆ కంపెనీ చెబుతుంది. చదునైన అడుగుభాగం అక్కడ చాలా పని చేస్తుంది.

రేడియేటర్ ముందు మూసుకుని తెరుచుకునే గ్రిల్ రెక్కలున్న బండ్లూ ఉన్నాయి. ఇంజిన్‌కు చల్లదనం అక్కర్లేనప్పుడు అవి మూసుకుని గాలిని బయటినుంచే పంపేస్తాయి. మట్టి పట్టి ఆ రెక్కలు ఇరుక్కుంటే తెలియకుండానే నష్టం. కడిగేటప్పుడు అక్కడ కూడా నీళ్లు కొట్టండి.

అంచుల ఆకారం ఎంత పని చేస్తుందో 1970లలోనే నాసా డ్రైడెన్ కేంద్రం ఒక డెలివరీ వ్యాన్‌తో చూపించింది. డబ్బాలాంటి ఆ బండికి ముందూ వెనకా నిలువు అంచుల్ని గుండ్రంగా చేస్తే గాలి నిరోధం 40 శాతం తగ్గింది. పెద్ద ఇంజిన్ కాదు, కొత్త ఇంధనం కాదు, అంచులు గుండ్రం చేయడమే.

బండి ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించాక మైలేజ్ బాగా పడిపోయింది. అంత తేడా నిజమేనా?

కొంత నిజం, కొంత మీటర్ తప్పు. రెండింటినీ విడదీసి చూడాలి.

నిజమైన నష్టం ఇలా వస్తుంది. ఎత్తు పెరిగితే అడుగుకు ఎక్కువ గాలి చేరుతుంది, టైర్లు గాలికి ఎదురుగా బయటపడతాయి. మట్టి దారులకు పనికొచ్చే దిట్టమైన గాడుల టైర్లు నలిగేటప్పుడు ఎక్కువ శక్తిని వేడిగా మారుస్తాయి. వాటి బరువు చక్రం అంచున ఉంటుంది కాబట్టి వేగం అందుకోవడానికి ప్రతిసారీ ఎక్కువ శక్తి కావాలి.

ఇక మీటర్ సంగతి. 31 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే చక్రం ఒక్క చుట్టుకు ఆరున్నర శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటర్‌కు అది తెలియదు. నిజంగా 100 కి.మీ. పోతే అది 94 అని చూపిస్తుంది. కాబట్టి మీ లెక్కలో మైలేజ్ పది శాతం తగ్గినట్టు కనిపిస్తే అందులో ఆరు శాతం దాకా ఉత్త మీటర్ లెక్కే. కానీ స్పీడోమీటర్ కూడా అలాగే తప్పు చెబుతుంది. ముల్లు 100 మీద ఉంటే మీరు 106 మీద పోతున్నారు, గాలి నిరోధం 13 శాతం పెరిగింది. టైరు సైజు మార్చిన రోజే మీటర్‌ను సరిచేయించుకోవాలి. అది మైలేజ్ కోసమే కాదు, మీ ప్రాణం కోసం కూడా.

నెమ్మదిగా యాక్సిలరేటర్ నొక్కితే ఎక్కువ మైలేజ్ వస్తుందా?

మరీ నెమ్మదిగా కాదు. పెట్రోల్ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మీద ఒక మోస్తరు గట్టి భారంతో పని చేసినప్పుడు బాగా పొదుపు చేస్తుంది. పెడల్‌ని ముట్టీముట్టనట్టు పట్టుకుని చాలాసేపు కింది గేర్లలో సాగదీస్తే ఆ పొదుపు దొరకదు. మధ్యస్థంగా నొక్కి, ఆర్‌పీఎం 2,000–2,500 దాటనివ్వకుండా త్వరగా పై గేరుకు వెళ్లిపోవడం మంచిది. డీజిల్ అయితే ఇంకా కిందే గేరు మార్చవచ్చు. ఆటోమేటిక్ బండిలో కావలసిన స్పీడుకు దగ్గర పడగానే కాలు కాస్త ఎత్తితే అది పై గేరు అందుకుంటుంది.

పెడల్‌ని నేలకంటా నొక్కడం వేరే సంగతి. అప్పుడు చాలా పెట్రోల్ ఇంజిన్లు, ముఖ్యంగా టర్బో ఉన్నవి, వేడి అదుపులో పెట్టుకోవడానికి అవసరానికి మించి ఇంధనం పోస్తాయి. చిన్న టర్బో ఇంజిన్ పెట్టి మైలేజ్ వస్తుందన్న పికప్‌లు దూకుడుగా తోలేవాళ్ల చేతిలో నిరాశపరిచేది ఇందుకే.

అసలు డబ్బు పోయేది వేగం అందుకోవడంలో కాదు, అందుకున్న వేగాన్ని వెంటనే బ్రేకులో పారేయడంలో.

బ్రేకు వేస్తే ఇంధనం ఎలా పోతుంది? అప్పుడు ఇంజిన్ పని చేయదు కదా?

ఆ వేగం తెచ్చుకోవడానికి ముందే ఇంధనం కాలిపోయింది. 2,200 కిలోల బండి 100 కి.మీ. స్పీడులో ఉంటే దాని చలనంలో ఉన్న శక్తికి సుమారు 100 మిల్లీలీటర్ల పెట్రోల్ ఖర్చయి ఉంటుంది. 60 దగ్గర 35 మిల్లీలీటర్లు. పూర్తిగా బ్రేకు వేసి ఆగిన ప్రతిసారీ అంత పెట్రోలు బ్రేకుల వేడిగా గాలిలో కలిసిపోతుంది. ట్రాఫిక్‌లో ముందు బండికి అంటుకుని పోతూ, నొక్కుతూ, తొక్కుతూ వెళ్లేవాళ్లకు మైలేజ్ ఎందుకు రాదో ఇక్కడ తెలుస్తుంది. దూకుడు డ్రైవింగ్ వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజ్ పోవచ్చని అమెరికా ఇంధన శాఖ అంచనా.

దీనికి మందు చూపులో ఉంది. ముందున్న బండి వెనక లైటును కాకుండా దానికి అవతల మూడు నాలుగు బండ్ల దాకా చూడండి. సిగ్నల్ ఎర్రగా ఉంటే అక్కడిదాకా వేగంగా వెళ్లి ఆగే బదులు దూరం నుంచే కాలు తీసేయండి. బండి దొర్లుకుంటూ వెళ్లేసరికి చాలాసార్లు పచ్చలైటు పడుతుంది. పూర్తిగా ఆగి మళ్లీ కదలడం కంటే గంటకు 20 కి.మీ. మీద సాగుతూ మళ్లీ వేగం అందుకోవడం చాలా చవక.

దిగుడులో న్యూట్రల్ వేస్తే ఆదా కదా?

కాదు. ఇంధన ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లలో గేరులో ఉంచి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజెక్టర్లు మూసుకుంటాయి. ఆ కాసేపు ఖర్చు సున్నా, ఎందుకంటే ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతున్నాయి. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది. పైగా బరువున్న పికప్‌ను దిగుడులో ఇంజిన్ పట్టు లేకుండా వదిలితే భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. దయచేసి ఈ అలవాటు మానండి.

క్రూజ్ కంట్రోల్ వాడాలా?

చదును రోడ్డు మీద వాడండి. మనకు తెలియకుండానే స్పీడు పాకుతూ పోవడాన్ని అది ఆపుతుంది. ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉన్న దారిలో మాత్రం కాలుతోనే తోలండి. క్రూజ్ ఎక్కుడులో స్పీడు తగ్గకూడదని కింది గేరు వేసి గట్టిగా లాగుతుంది. మీరైతే ఎక్కుడులో కాస్త తగ్గనిచ్చి దిగుడులో తిరిగి తెచ్చుకోవచ్చు, వెనక బండ్లకు ఇబ్బంది లేనప్పుడు.

ఏసీ వేయాలా, అద్దాలు దించాలా?

ఊళ్లో తక్కువ స్పీడులో అద్దాలు, హైవే మీద ఏసీ. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేస్తే కంప్రెసర్‌కు పని తగ్గుతుంది. మండే ఎండల్లో చిన్న చిన్న ప్రయాణాలకు ఏసీ వల్ల నాలుగో వంతు మైలేజ్ పోయే సందర్భాలూ ఉన్నాయి, ఎందుకంటే ఆ కాసేపూ అది పూర్తి బలంతో తిరుగుతుంది. అలాగని ఉక్కపోతలో కూర్చుని చికాకుగా తోలకండి. చికాకు నేరుగా కాలులోకి దిగుతుంది.

నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడానికే ఎక్కువ అవుతుందంటారు?

కార్బ్యురేటర్ల కాలం నాటి మాట అది. వేడెక్కిన ఇంజిన్‌ను తిరిగి స్టార్ట్ చేయడానికి పట్టేది సుమారు పది సెకన్ల ఐడ్లింగ్‌కు, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరగడానికి, అయ్యేంత ఇంధనమే. ఇంజిన్ సైజును, ఏసీని బట్టి ఐడ్లింగ్‌కు గంటకు ఒకటి నుంచి రెండు లీటర్లు పోతాయి, ఆ గంటలో మీరు కదిలింది సున్నా కిలోమీటర్లు. సామాను ఎక్కించేటప్పుడు, ఎవరికోసమో ఎదురుచూసేటప్పుడు ఆపేయండి. ట్రాఫిక్ మధ్యలో మీ చేత్తో ఆపుతూ ఉండక్కర్లేదు.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి. టైరు పక్కన ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి, అది లక్ష్యం కాదు. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం తగ్గుతుంది. చిన్నదే కానీ పది పీఎస్‌ఐ తగ్గినా కళ్లకు కనిపించని టైర్లున్నాయి. పికప్‌కు ఖాళీగా ఒక అంకె, పూర్తి లోడుతో ఒక అంకె ఇచ్చి ఉంటే లోడు ఎక్కినప్పుడు రెండోది పాటించండి.

తొట్టిలో ఎప్పుడూ సామాను ఉంటుంది. బరువు వల్ల ఎంత నష్టం?

బరువు ఊళ్లో బాధపెడుతుంది, గాలి హైవే మీద బాధపెడుతుంది. మామూలు బండికి 45 కిలోల అదనపు బరువు ఒక శాతం దాకా మైలేజ్ తగ్గిస్తుంది, పికప్ అంత బరువున్న బండికి ఇంకా తక్కువ. కాబట్టి ఒక పనిముట్ల పెట్టె గురించి టెన్షన్ అక్కర్లేదు. నెలల తరబడి దించని ఇసుక బస్తాలు, పాత ఇనుము, అదనపు బ్యాటరీలు అయితే ఆలోచించాల్సిందే. బరువు తగ్గించడానికి తయారీదారులు పడే పాట్లు చూడండి: 2015 ఎఫ్-150 పికప్ బాడీని ఫోర్డ్ అల్యూమినియంకు మార్చి దాదాపు 300 కిలోల దాకా తగ్గించింది.

అదే రోడ్డు, అదే స్పీడు. అయినా ఒకరోజు బాగా వస్తుంది, ఒకరోజు రాదు. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం గాలి వీచే దిక్కు. బండి గాలిలో ఎంత వేగంగా పోతోందన్నదే లెక్క. గంటకు 20 కి.మీ. ఎదురుగాలిలో 100 మీద పోతే 120 మీద పోయినంత నిరోధం, అంటే 62 కిలోల బదులు 90. అదే గాలి వెనక నుంచి వీస్తే 40. వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు వస్తుందిలే అనుకుంటాం. 90, 40ల సగటు 65, గాలి లేని రోజున 62. రాకపోకలు కలిపినా గాలిరోజు నష్టమే. పక్కగాలి కూడా పికప్‌ను లాగుతుంది.

చలి ఇంకో కారణం. సున్నా డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలి కంటే 12 శాతం పైగా చిక్కగా ఉంటుంది. దానికితోడు చల్లటి ఇంజిన్, చిక్కబడ్డ ఆయిల్, తగ్గిన టైరు గాలి. నాలుగైదు కిలోమీటర్ల చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. ఒకేసారి అన్ని పనులూ చుట్టుకుని రావడం చలికాలంలో నిజంగా పనిచేసే చిట్కా.

పెద్ద లారీ వెనక దగ్గరగా పోతే గాలి తగలదు కదా?

తగలదు, నిజమే. చేయకండి. లాభం వచ్చేంత దగ్గరగా వెళితే లారీ బ్రేకు వేసినప్పుడు మీకు స్పందించే సమయం ఉండదు. మూడు సెకన్ల దూరం వదలండి.

ట్రైలర్ లాగుతుంటే సగానికి సగం పడిపోయింది. బండిలో లోపమా?

లోపం కాకపోవచ్చు. ఎత్తైన డబ్బాలాంటి ట్రైలర్ ముందుభాగం పికప్ కంటే రెండింతలుంటుంది, దాని ఆకారం గాలికి అసలు అనుకూలం కాదు. అలాంటప్పుడు ఇంధనం రెండింతలు కావడం మామూలే. చదునైన ట్రైలర్ మీద అంతే బరువు వేస్తే నష్టం చాలా తక్కువ, అంటే ఇక్కడ కూడా బరువు కంటే గాలిదే పెద్ద వాటా. ట్రైలర్ తగిలించినప్పుడు గంటకు పది కిలోమీటర్లు తగ్గిస్తే వచ్చే ఆదా ఖాళీ బండిలో కంటే ఎక్కువ. బండి అదుపులో కూడా ఉంటుంది.

కంపెనీ చెప్పిన హైవే మైలేజ్ నాకెందుకు రావడం లేదు?

పరీక్ష మీలా తోలదు. అమెరికాలోని పర్యావరణ సంస్థ ఈపీఏ వాడే పాత హైవే పరీక్షలో సగటు స్పీడు గంటకు 77 కి.మీ., గరిష్ఠం 97. వాస్తవానికి దగ్గరగా ఉండాలని 2008 మోడళ్ల నుంచి గంటకు 129 కి.మీ. దాకా వెళ్లే పరీక్ష, ఏసీ పరీక్ష, చలి పరీక్ష కూడా లెక్కలోకి తెచ్చారు. అయినా రోజూ 120 మీద తోలే పికప్‌కు కంపెనీ స్టిక్కర్ మీది మైలేజ్ అంకె అందదు. 90 దగ్గర తోలేవాళ్లకు అది దాటి రావడమూ చూస్తుంటాం.

మైలేజ్ పెంచే పరికరాలు, అయస్కాంతాలు, ఇంధనంలో కలిపే మందులు పని చేస్తాయా?

డబ్బు పెట్టకండి. ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది, చెప్పుకోదగ్గ ఆదా ఇచ్చింది దాదాపు లేదు. గాలి ఫిల్టర్ మార్చితే మైలేజ్ పెరుగుతుందన్నది కూడా కార్బ్యురేటర్ బండ్లకే వర్తిస్తుంది. ఇప్పటి బండ్లలో మురికి ఫిల్టర్ బండి వేగం అందుకునే శక్తిని తగ్గిస్తుంది, మైలేజ్‌ని కాదు. ఫిల్టర్ మార్చండి, కారణం మాత్రం అది కాదు.

నేను చేసిన మార్పు పని చేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును నమ్ముకోకండి, అది చాలా బండ్లలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి తనంతట తాను ఆగే దాకా నింపండి. తర్వాత నింపినప్పుడు పట్టిన లీటర్లు, మధ్యలో తిరిగిన కిలోమీటర్లు రాసుకోండి. ఒక్క ట్యాంకుతో తీర్పు ఇవ్వకండి. పైన చెప్పిన గాలి, చలి వల్లే ట్యాంకుకీ ట్యాంకుకీ ఐదు శాతం తేడా రావచ్చు, రెండు శాతం లాభం ఇచ్చే కవర్ ఆ తేడాలో కనిపించకుండా మునిగిపోతుంది. ఒకసారి ఒక్క మార్పే చేసి, నాలుగైదు ట్యాంకులు చూసి, సగటు తీయండి.

నా పికప్ లీటరుకు 6 ఇస్తోంది. 7కి తెచ్చినా ఏం మిగులుతుంది?

అనుకున్నదానికంటే ఎక్కువ. లీటరుకు 6 కి.మీ. అయితే 100 కి.మీ.కు 16.7 లీటర్లు, 7 అయితే 14.3. ఆదా 2.4 లీటర్లు. అదే 14 ఇచ్చే చిన్న కారును 16కి తెస్తే మిగిలేది 0.9 లీటరే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్క ఎక్కువ తాగే బండి ఆదాను చిన్నదిగా చూపిస్తుంది. అందుకే 100 కి.మీ.కు ఎన్ని లీటర్లు అని రాసుకోండి. ఏడాదికి 20,000 కి.మీ. తిరిగే పికప్‌కు ఆ ఒక్క కిలోమీటరు తేడా 476 లీటర్లు.